పెళ్లి కార్డులో క్రియాపదం

పెళ్లి కార్డు వేయించుకోవడానికి వచ్చినవాళ్లు ముందు బొమ్మ చూస్తారు, తర్వాత రేటు అడుగుతారు, ఆ తర్వాత ఎప్పటికిస్తావంటారు. లోపలి మాటల జోలికి వచ్చేవాళ్లు తక్కువ. "మ్యాటరు నీకు తెలియందా అబ్బాయా, పేర్లు మార్చి వెయ్యి" అంటారు. నిజమే, నాకు తెలిసిందే. సింగరాయకొండలో ప్రెస్సు పెట్టుకుని నేను బతుకుతున్నదే ఆ మ్యాటరు మీద. బిల్లు పుస్తకాలు, రొయ్యల మేత కొట్లకు రసీదులు, కొండమీద వరాహ లక్ష్మీనరసింహస్వామి కల్యాణానికి కరపత్రాలు, ఎన్నికలొస్తే పోస్టర్లు అన్నీ వేస్తాం. షాపు అద్దె మాత్రం శుభలేఖే కడుతుంది.

ఇన్నేళ్లుగా ఆ నాలుగు వాక్యాల్నే తిప్పి తిప్పి కూర్చాక నాకొక అభిప్రాయం కుదిరింది. పెళ్లిని ఏ పేరుతో పిలిచారన్నది కార్డులో పెద్ద విషయం కాదు. వివాహం అనండి, పరిణయం అనండి, కల్యాణం అనండి, బంగారు రంగు రేకుతో అచ్చొత్తించండి. దాని పక్కన ఏ క్రియ ఉందో చూడాలి. ఎవరు ఇస్తున్నారు, ఎవరు చేస్తున్నారు, ఎవరు చేసుకుంటున్నారు? ఆ ఇంటి సంగతి అక్కడ తెలుస్తుంది.

మా గిరాకీ సగం పంచాంగం చేతిలో, సగం పంట చేతిలో ఉంటుంది. ఆషాఢం, భాద్రపదం, పుష్యం వచ్చాయంటే కార్డు పని పడకేస్తుంది. మూఢం పడితే చెప్పనే అక్కర్లేదు. 2024లో ఏప్రిల్ ఆఖర్లో మూఢం పట్టి ఎండాకాలం ముహూర్తాలన్నీ పోయాయి. మండపాల వాళ్లూ, పూలవాళ్లూ, మేమూ ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకుంటూ కూర్చున్నాం. ముహూర్తం ఉన్నా చేతిలో డబ్బుండాలి గదా. టంగుటూరు, కందుకూరు వేలం కేంద్రాల్లో పొగాకు మంచి రేటు పలికిన ఏడు కార్డు మందమవుతుంది, లోపల ఇంకో రెండు రేకులు చేరతాయి. శనగలు అమ్ముడుపోక గోడౌన్లో ఉన్న ఏడు "పలచంది చూపించు" అంటారు. పాకల వైపు సముద్రం మీద బతికేవాళ్లది ఇంకో లెక్క. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. మగవాళ్లంతా ఊళ్లోనే ఉంటారని ఆ రోజులు చూసి పెళ్లి పెట్టుకునే ఇళ్లున్నాయి.

నేను పని నేర్చుకున్నది ఒంగోలులో, సీసం అక్షరాల కాలంలో. ట్రెడిల్ మిషను కాలితో తొక్కుతూ ఒక్కో కార్డూ చేత్తో పెట్టి తీసేవాళ్లం. తెలుగు అచ్చుల కేసంటే ఇంగ్లీషు కేసంత తేలిక కాదు. గుణింతాలకు వేరే గళ్లు, వత్తులకు వేరే గళ్లు. ఏ గడి ఎక్కడుందో కంటికి కాదు, చేతికి తెలియాలి. మాఘమాసంలో అన్నిటికంటే ముందు అయిపోయే అచ్చు 'శ్రీ'. ఒక శుభలేఖలో తాతగార్లు, మేనమామలు, ఆహ్వానించువారు కలిసి పాతిక మంది శ్రీలుంటారు. ఉన్న 'శ్రీ'లన్నీ ఒక కార్డుకే సరిపోయేవి. అది అచ్చయి, అక్షరాలు విడగొట్టి, కిరసనాయిలుతో కడిగి మళ్లీ గళ్లలో వేస్తే గానీ రెండో కార్డు కూర్చడానికి కుదిరేది కాదు.

అందుకని ప్రెస్సుల వాళ్లు ఒక ఉపాయం చేసేవాళ్లు. అన్ని కార్డుల్లోనూ మారని వాక్యాలను విడగొట్టకుండా పురికొసతో కట్టి, అట్లాగే పళ్లెంలో ఉంచేవాళ్లు. దాన్ని స్టాండింగ్ మ్యాటర్ అనేవాళ్లం. పార్టీ వస్తే ఆ కట్ట తీసి మధ్యలో పేర్లు, తేదీ, ఊరు పెట్టేస్తే కార్డు సిద్ధం. ఊళ్లో ధనవంతుడి కార్డూ, కూలివాడి కార్డూ ఒకే వాక్యం మాట్లాడటానికి సంప్రదాయం ఎంత కారణమో, ఆ పురికొస కూడా అంతే కారణం. కొత్తగా ఒక మాట పెట్టాలంటే కట్ట విప్పాలి. ఎవరు విప్పుతారు?

ఆ కట్టలోని వాక్యం ఇట్లా నడిచేది. "మా ద్వితీయ పుత్రిక చి.ల.సౌ. ఫలానాను, ఫలానా వారి జ్యేష్ఠ పుత్రుడు చి. ఫలానాకిచ్చి వివాహము జరిపించుటకు దైవజ్ఞులు సుముహూర్తము నిశ్చయించినారు. కావున తామెల్లరు బంధుమిత్ర సపరివారముగా విచ్చేసి..." అక్కణ్నుంచి చందన తాంబూలాల దాకా.

ఈ వాక్యాన్ని అక్షరం అక్షరం ఏరి కూర్చినవాడికి కనపడేది ఏమిటంటే, ఇందులో పనిచేసేవాళ్లు చాలామంది ఉన్నారు. తల్లిదండ్రులు ఇస్తున్నారు, జరిపిస్తున్నారు. సిద్ధాంతిగారు నిశ్చయించారు. బంధువులు విచ్చేసి ఆశీర్వదిస్తారు. ఏ పనీ చెయ్యనివాళ్లు ఇద్దరే, పెళ్లికూతురూ పెళ్లికొడుకూ. అమ్మాయి పేరు వెనక 'ను', అబ్బాయి పేరు వెనక 'కు'. ఆ 'కు' పక్కన 'ఇచ్చి'. మా కంపోజిటర్లు కలిపి 'కిచ్చి' అనేవాళ్లు. "కిచ్చి దగ్గర పేరు పొడుగైంది, లైను పట్టట్లేదు" అని కేకేసేవాళ్లు.

మగపెళ్లివారి కార్డు తీయండి. పెళ్లి అదే, రోజు అదే, మండపం అదే. వాక్యం వేరు. "మా కుమారుడు చి. ఫలానా వివాహము, ఫలానా వారి కుమార్తె చి.ల.సౌ. ఫలానాతో జరుగును." అక్కడ 'కిచ్చి' లేదు, 'తో' ఉంది. కొడుకును ఎవరూ ఎవరికీ ఇవ్వరు. ఇల్లరికం వెళ్తున్న అల్లుడి కార్డులోనూ నేను 'కిచ్చి' చూడలేదు. ఇల్లూ పొలమూ అమ్మాయివే, అయినా కార్డులో ఇచ్చేది అమ్మాయినే.

మా ప్రెస్సులో ప్రూఫులు దిద్దడానికి రిటైరైన తెలుగు మాస్టారొకాయన వచ్చేవారు. సంచిలో బ్రౌను నిఘంటువు, ఇంకో సంచిలో శబ్దరత్నాకరం. బ్రౌనుది 1852 నాటిది, బహుజనపల్లి సీతారామాచార్యులుగారి శబ్దరత్నాకరం 1885 నాటిది. పెళ్లి కార్డుకు నిఘంటువు ఎందుకండీ అంటే, "నువ్వు రోజూ అమ్మే సరుకేమిటో నీకు తెలియొద్దూ" అనేవారు. టీ వచ్చేలోపు ఒక మాట చొప్పున నాకు చెప్పింది ఆయనే.

వివాహంలో ఉన్నది మోసుకుపోవడం. వాహనంలో, ప్రవాహంలో ఉన్న 'వహ్' ధాతువే అందులోనూ ఉంది. అమ్మాయిని పుట్టింటి నుంచి వరుడు తన ఇంటికి తీసుకుపోవడం అన్నమాట. ఉద్వాహమన్నా ఆ మొయ్యడమే. పరిణయంలో ఉన్నది నడిపించడం. నేత, నాయకుడు అనే మాటల్లో ఉన్న 'నీ' ధాతువుకు ముందు 'పరి' చేరింది. చెయ్యి పట్టుకుని అగ్నిహోత్రం చుట్టూ తిప్పడం. పాణిగ్రహణం అంటే చెయ్యి పట్టుకోవడం. కన్యాదానం సంగతి చెప్పక్కర్లేదు. మనం బరువైన సంస్కృత నామవాచకాలు అనుకునేవన్నీ ఒకప్పటి పనులు. మొయ్యడం, నడిపించడం, పట్టుకోవడం, ఇవ్వడం. ఆ పనులు చేసేవాడు వరుడో, వధువు తండ్రో. వధువు చేసే పని ఒక్కటీ వాటిలో లేదు. కల్యాణం మాత్రం వేరు. దానికి మంగళం, శుభం అని అర్థం. అందుకేనేమో మనవాళ్లు సీతారాములకు, కొండమీది స్వామికి కల్యాణం చేస్తారు, ఇంట్లో పిల్లకు పెళ్లి చేస్తారు.

ఇది మన ఒక్కళ్ల అలవాటూ కాదు. రోమన్ల లాటిన్‌లో మగవాడు పెళ్లి చేసుకోవడాన్ని భార్యను నడిపించుకు వెళ్లడమనే చెప్పేవాళ్లు, మన పరిణయం లాగానే. ఇంగ్లీషు 'మ్యారేజ్' వెనక ఫ్రెంచి, దాని వెనక భర్త అనే అర్థమున్న లాటిన్ మాట ఉన్నాయి. 'మ్యాట్రిమొనీ'లో ఉన్నది తల్లి. 'వెడ్డింగ్'లో ఉన్నది పూచీ, మాట ఇవ్వడం. ఇంగ్లండు చర్చి పాత ప్రార్థన పుస్తకంలో పాదిరి నిలబడి ఈ స్త్రీని ఈ పురుషుడికి ఎవరు ఇస్తున్నారని అడుగుతాడు. 'కిచ్చి' వాళ్లకీ ఉంది.

మన సొంత మాట పెండ్లి. తమిళంలో ఆడమనిషిని 'పెణ్' అంటారు, కన్నడంలో 'హెణ్ణు'. పెళ్లాం, పెండ్లి, పోతూ పెంటీ అనేటప్పటి పెంటి, అన్నీ ఆ కుటుంబం మాటలే. ఇంకో మాట మనువు. మను అంటే బతకడం. మనుగడ, మనికి అందులోంచి వచ్చినవే. బ్రౌను నిఘంటువులో మనువుకు బతుకు అనే అర్థమూ ఉంది, పెళ్లి అనే అర్థమూ ఉంది. కార్డు మీద మనువు అని వెయ్యమన్నవాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు. ఆ మాట ముందు 'మారు' చేరి మారుమనువు అని రెండో పెళ్లికి స్థిరపడిపోయింది. అయితే క్రియలు చూడండి. పెళ్లాడింది, మనువాడింది, చేసుకుంది, కట్టుకుంది. ఇవి ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకేలా వస్తాయి. ఇంట్లో, వీధిలో రోజూ అనేవి ఇవే. అచ్చులోకి వచ్చేసరికి 'కిచ్చి' ఎక్కి కూర్చుంటుంది.

కార్డులో మాటల తర్వాత నాకు ఎక్కువ తలనొప్పి తెచ్చేది టైము. ముహూర్తం రాత్రి 2 గంటల 35 నిమిషాలకు అనుకోండి. మన వారం సూర్యోదయంతో మొదలవుతుంది, గోడ క్యాలెండరు తారీఖు అర్ధరాత్రికే మారుతుంది. సిద్ధాంతిగారు పసుపు పూసిన లగ్నపత్రికలో 'బుధవారం రాత్రి' అని రాసిస్తారు. క్యాలెండరులో అప్పటికి గురువారం తారీఖు వచ్చేసి ఉంటుంది. అందుకే 'బుధవారం రాత్రి (తెల్లవారితే గురువారం)' అని వేస్తాం. ఆ తెల్లవారితే లేకపోతే హైదరాబాదు నుంచి వచ్చే బంధువులు ఒక రోజు ఆలస్యంగా రైలు దిగుతారు. అచ్చుకు ముందు సిద్ధాంతిగారికి నేనే ఫోను చేసి, తారీఖూ వారమూ తిథీ మూడూ చదివించుకుంటాను.

ఆ 2-35కు జరిగేదేమిటి? మన వైపు ఆ ఘడియలో వధూవరులు ఒకరి నెత్తిన ఒకరు జీలకర్రా బెల్లమూ పెడతారు. కార్డులో వేసే సుముహూర్తం దానిది. కానీ పేరంటాళ్లను అడిగితే మూడు ముళ్లు పడితేనే పెళ్లయినట్టంటారు. 1955 నాటి హిందూ వివాహ చట్టం ఇంకో చోట గీత గీసింది. సప్తపది ఉన్న పద్ధతిలో పెళ్లి జరిగితే, ఏడో అడుగు పడినప్పుడే అది పూర్తయినట్టని ఏడో సెక్షను చెబుతోంది. ఏడో అడుగు పడే వేళకు పందిట్లో సగం మంది భోజనాల దగ్గరుంటారు. ఇక సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో పని ఉన్నవాళ్లు సర్టిఫికెట్టు వస్తేనే పెళ్లంటారు. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లిళ్లు రిజిస్టరు చేయించడం తప్పనిసరి చేస్తూ 2002లో చట్టం వచ్చింది. అట్లా అని కాగితమే పెళ్లి కాదు. తంతు ఏదీ జరగకుండా ఉత్త సర్టిఫికెట్టు తీసుకుంటే హిందూ వివాహ చట్టం కింద అది పెళ్లి కాదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. ఇన్ని గీతల్లో మా కార్డు మీదికి ఎక్కేది ఆ జీలకర్రా బెల్లం ఘడియ ఒక్కటే. ఆ ఘడియలో మాత్రం ఇద్దరి చేతులూ ఒకే పని చేస్తాయి. ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ అప్పుడు పక్కన నిలబడి చూస్తుంటారు.

చర్చి పెళ్లి కార్డుకు ఈ అర్ధరాత్రి గొడవ లేదు. 1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం మామూలుగా పొద్దున ఆరుకూ సాయంత్రం ఏడుకూ మధ్యే పెళ్లి జరగాలి. ఒంగోలు చుట్టుపక్కల చర్చి కార్డుల పని తక్కువేమీ కాదు. బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి కాలంలో, 1878 జులై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న నేల ఇది. ఆ కార్డుల మీద 'పరిశుద్ధ వివాహము' అని ఉంటుంది. పైన మత్తయి సువార్త వాక్యం వేస్తాం. దేవుడు కలిపిన ఇద్దర్ని మనిషి విడదీయకూడదని దాని సారాంశం. అక్కడ క్రియ జతపరచడం. చేసేవాడు దేవుడు. తల్లిదండ్రులు ఆహ్వానించువారి కింద ఉంటారు. అయినా చాలా కార్డుల్లో సువార్త వాక్యం కింద మళ్లీ 'కిచ్చి' ఉంటుంది. పైన దేవుడు జతపరిచాక కింద తండ్రి ఇవ్వడమేమిటని నేను అడగను.

ముస్లిం ఇళ్ల కార్డుల్లో పైన 786 వేస్తాం, లోపల నికాహ్ ఒకరోజు, వలీమా ఒకరోజు. షాదీ అనేది పారసీకం నుంచి వచ్చిన మాట, సంతోషమని అర్థం. నికాహ్ సంగతి వేరు, అది ఒప్పందం. సాక్షులుండాలి, మెహర్ ఎంతో తేల్చాలి, అమ్మాయిని అడగాలి, ఒప్పుకున్నానని ఆమె చెప్పాలి. ఈ అడగడమన్నది కార్డులోకి రాదు గానీ తంతులో ఉంది. మా వైపు దూదేకుల వాళ్లు కార్డు మొత్తం తెలుగులోనే వేయించుకుంటారు. ఒకే ఇంట్లో తాత పేరుతో వేసిన పాత కార్డులో 'వివాహము', మనవడి కార్డులో 'నికాహ్' వేసిన సందర్భాలు నా దగ్గర ఉన్నాయి.

మేనరికం కార్డు ఒక వింత. పైన వధువు తాతగారి పేరు, కింద వరుడి తాతగారి పేరు, చూస్తే ఇద్దరూ ఒకళ్లే. కొత్త కుర్రాడెవరైనా డీటీపీకి కూర్చుంటే "సార్, పేరు రెండుసార్లు పడింది" అని ఒకటి తీసేయబోతాడు. ఆపాలి. మేనమామకిచ్చి చేసేటప్పుడైతే ఒకే మనిషి వధువుకు తాత, వరుడికి తండ్రి. హిందూ వివాహ చట్టం ఈ సంబంధాలను నిషిద్ధాల్లోనే చేర్చింది, ఆచారం ఉన్నచోట మాత్రం చెల్లుతుందని వదిలింది. ఈ కార్డులు తగ్గాయి. అయినా పోలేదు.

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఇంకో రకం కార్డు ఉంది, 'ఆదర్శ వివాహం'. దండల పెళ్లి, స్టేజి పెళ్లి అని కూడా అంటారు. కమ్యూనిస్టు కుటుంబాలు, హేతువాదులు వేయించేవాళ్లు. తిథీ లగ్నమూ ఉండవు, ఆదివారం ఉదయం పది గంటలు అని ఉంటుంది. అధ్యక్షులు ఫలానా, వక్తలు ఫలానా. తెనాలిలో ఉండి త్రిపురనేని రామస్వామి చౌదరిగారు 'వివాహవిధి' రాసి, పెళ్లి ప్రమాణాలు తెలుగులో చెప్పించారు. ఏం చెబుతున్నారో పీటల మీద కూర్చున్నవాళ్లకు అర్థం కావాలన్నది ఆయన పట్టు. ఈ కార్డుల్లో నేను మొదటిసారి వేరే క్రియ చూశాను. 'దంపతులు కానున్నారు' అని ఉంది. అది కూర్చేటప్పుడు పురికొస విప్పక తప్పలేదు. తమిళనాడులో 1967లో చట్టం సవరించి ఇలాంటి పెళ్లిళ్లను అట్లాగే చెల్లేలా చేశారు. మనకు ఆ సవరణ లేదు. అందుకని స్టేజి మీద దండలు మార్చుకునే జంటలకు రిజిస్ట్రారు ఆఫీసు దారి కూడా చూసుకొమ్మని చెబుతాను. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పోతే 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. కార్డులు పంచాక గుర్తొస్తే ఇబ్బంది.

'కిచ్చి' మీద నాకు అసలైన పాఠం చెప్పింది ఒక రెండో పెళ్లి కార్డు. ఒకాయన తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. కూతురి మొదటి పెళ్లి కోర్టులో తెగిపోయింది, ఇప్పుడు ఇంకో సంబంధం కుదిరింది. ఆయన గొంతు తగ్గించి, "చిన్న కార్డు చాలన్నా. ఎక్కువ రాయబాక" అన్నాడు. ముసలామెకు అసలు కార్డే ఇష్టం లేదు. "మారుమనువుకు కార్డేందిరా, నోటితో చెబితే రారా?" అంటోంది. పేర్లు సరిచూద్దామని ఆ అమ్మాయికి ఫోను కలిపి ఇచ్చారు. ఒంగోల్లో ఉద్యోగం చేస్తోంది. నేను చదువుతుంటే వింటూ ఉండి, 'కిచ్చి' దగ్గర ఆపింది.

"బాబాయ్, ఆ మాట తీసెయ్. నన్ను ఒకసారి ఇచ్చారు గదా."

కోపంగా అన్లేదు. పేరులో అక్షరం తప్పుంటే చెప్పినట్టే చెప్పింది. మరి ఏం వెయ్యమంటావమ్మా అంటే, "మేం ఇద్దరం పెళ్లి చేసుకుంటున్నాం, అదే వెయ్యండి" అంది. పేరు ముందు చి.ల.సౌ. కూడా వద్దంది, ఉత్త పేరు చాలంది. తండ్రి నా వైపు చూశాడు. నేను ఆయన వైపు చూశాను. ఆయన "సరే, అది చెప్పినట్టే కానీ" అన్నాడు. ముసలామె, "ఎట్టైతే ఏముంది, దాని బతుకు అది బతకబోతోంది" అంది. మనువు అనే మాటకు బ్రౌను ఇచ్చిన రెండర్థాలూ ఆమె నోట్లో ఉన్నాయి, నిఘంటువు చూడకుండానే.

రెండో పెళ్లి అచ్చులోకి రావడం ఈ నేల మీద ఎంత కష్టపడి జరిగిందో తెలిసినవాళ్లకు ఆ కార్డు చిన్నదనిపించదు. వితంతు పునర్వివాహ చట్టం 1856లో వచ్చింది. వీరేశలింగంగారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించింది 1881 డిసెంబరు 11న. చట్టానికీ ఒక పెళ్లికీ మధ్య పాతికేళ్లు. ఆయన 1874 నుంచే వివేకవర్ధని పత్రిక నడుపుతున్నవారు. అచ్చు బలం తెలిసిన మనిషి. అదే కాలంలో పొలం పనులు, చేతివృత్తులు చేసుకునే చాలా కులాల్లో మారుమనువు ఎప్పటినుంచో ఆచారంగా ఉంది. అక్కడ అచ్చు లేదు, చట్టంతో పనీ లేదు, పెద్దమనుషులుంటే సరిపోయేది.

వయసు సంగతి కూడా మా బల్ల దగ్గరికొస్తుంది. శారదా చట్టం 1929లో చేసినప్పుడు అమ్మాయికి 14, అబ్బాయికి 18 అన్నారు. 1978లో 18, 21 చేశారు. అమ్మాయి పేరు చెప్పడానికి తండ్రి తడబడితే, పదో తరగతి సర్టిఫికెట్టు తెమ్మంటాను. "కార్డుకు అదెందుకయ్యా?" అంటారు. రేపు రిజిస్ట్రేషన్‌కు ఈ కార్డే జతచెయ్యాలి, పేరులో స్పెల్లింగు తేడా వస్తే తిప్పి పంపుతారు అంటాను. అది నిజం. 2022 అక్టోబరు నుంచి అమలైన వైఎస్సార్ కల్యాణమస్తు పథకంలో వధూవరులిద్దరూ పదో తరగతి పాసై ఉండాలని పెట్టారు. ఆ రోజుల్లో నేను అడగకముందే సర్టిఫికెట్లు బల్లమీదికొచ్చేవి.

ఇప్పుడు సీసమూ లేదు, పురికొసా లేదు. అను ఫాంట్లలో కంప్యూటరు మీద వాక్యం మార్చడం ఒక్క నిమిషం పని. అట్లాగని వాక్యం మారిందా అంటే పెద్దగా మారలేదు. నా కంప్యూటరులోనూ 'పెళ్లి మ్యాటర్' అనే ఫైలుంది, అందులో పాత కట్టలోని వాక్యమే ఉంది. మారుతున్నది ఎక్కువగా అడ్రసులు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు కందుకూరు నెల్లూరు జిల్లాలోకి పోయింది, మేం ప్రకాశంలో ఉండిపోయాం. ఒకే కార్డులో పక్కపక్క ఊళ్ల వాళ్లు అప్పట్లో రెండు జిల్లాల వాళ్లయ్యారు.

అమెరికాలో పిల్లలున్న ఇళ్ల కార్డులు రెండు వైపులా వేస్తాం. ఒకవైపు తెలుగు, ఒకవైపు ఇంగ్లీషు. ఇంగ్లీషు వైపు ఫలానా, ఫలానాల పెళ్లి, రండి అని ఉంటుంది. పేర్లు రెండూ ఒకే వరసలో, ఒకే సైజులో. కాగితం తిప్పితే తెలుగు వైపు అదే అమ్మాయిని అదే అబ్బాయికిస్తున్నారు. ఇంగ్లీషు వైపు పిల్లలు చూసుకుంటారు, తెలుగు వైపు పెద్దలు చూసుకుంటారు. రెండు వైపులూ చదివి పోల్చేది నేనూ, నా దగ్గర పనిచేసే కుర్రాడూ. వాట్సాప్‌లో పంపే వీడియో కార్డులొచ్చాక కాగితం కార్డుల సంఖ్య పడిపోయింది. ఆ వీడియోల్లో ఎక్కువ భాగం వధూవరులే తయారు చేయించుకుంటారు. అక్కడ 'మేం పెళ్లి చేసుకుంటున్నాం' అని ఉంటుంది. బొట్టు పెట్టి ఇంటింటికీ ఇచ్చే కార్డు మాత్రం ఇంకా తండ్రి చేతిలోనే ఉంది, అందులో 'కిచ్చి' అట్లాగే ఉంది.

ఎవరి ఇంటి వాక్యాన్నీ మార్చే అధికారం నాకు లేదు. కొందరు అమ్మాయిలకు ఆ మాట ఇష్టమే. "నాన్న ఇస్తున్నాడని ఉండాలి బాబాయ్, ఉండనీ" అన్నవాళ్లున్నారు. వాళ్ల మాటా చెల్లాలి. నేను చేసుకున్న నియమం ఒక్కటే. ఒకప్పుడు ప్రూఫు మీద తండ్రి సంతకం ఉంటే చాలు, మిషను ఎక్కించేవాణ్ని. ఇప్పుడు ప్రూఫు ఫోటో తీసి పెళ్లికూతురి ఫోనుకు కూడా పంపుతాను. కారణం అడిగితే స్పెల్లింగు కోసమంటాను. ఆమె దగ్గర్నుంచి 'ఓకే' రాకుండా ప్లేటు తీయించను. రెండు రోజులు ఆలస్యమైతే అవుతుంది. పెళ్లివారు తొందరపెడతారు, నేను ఇంకోసారి ఫోను చేస్తాను.